సెకండ్ హ్యాండ్‌లో కొన్నంత మాత్రాన కంపెనీ బాధ్యత తీరిపోతుందా?

"మరమ్మతు సాధ్యం కాదు" అని ఒక్క ముక్క రాసి రివాల్వర్ వెనక్కి పంపేస్తే కంపెనీ పని అయిపోయినట్టేనా? కాదని నేను గట్టిగా అంటాను. కొన్ని తుపాకులు నిజంగానే బాగుచేయడానికి పనికిరావు, ఆ సంగతి నాకు తెలుసు. ఆ మాట ఎలా చెప్పారు, ఎవరికి చెప్పారు, చెప్పి ఏం చేశారు అన్నదాని మీదే నా కోపమంతా.

మా చిన్నాయనది కళ్యాణదుర్గం పక్క పల్లె. చెనిక్కాయల వ్యాపారం. సీజన్లో డబ్బు పెట్టుకుని రాత్రిళ్లు తిరగాల్సి వచ్చేది, అందుకని లైసెన్సు తీసుకున్నాడు. సీమలో రివాల్వర్ అనగానే బయటివాళ్లకు ఫ్యాక్షనే గుర్తొస్తుంది. మా ఇంట్లో ఆ గొడవలు ఏనాడూ లేవు, ఆ తుపాకీ ఒక మనిషి వైపు తిరిగిన రోజూ లేదు. 0.32 బోర్ రివాల్వర్, వయసైపోయి వదిలించుకుంటున్న ఇంకో లైసెన్సుదారు దగ్గర కొన్నాడు. దొంగచాటు బేరం కాదు. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం అమ్మేవాడు ముందుగా కలెక్టరుకో, దగ్గర్లోని పోలీస్ స్టేషనుకో రాసివ్వాలి, కనీసం 45 రోజులు ఆగాలి, ఆ తర్వాతే చేతులు మారాలి. అన్నీ అట్లే జరిగినాయి.

పోయినసారి డీలర్ దగ్గర శుభ్రం చేయిస్తుంటే అక్కడి మిస్త్రీకి అనుమానం వచ్చింది. వెనకనుంచి దెబ్బకొట్టి గుండును పేల్చే హామర్‌ను వెనక్కి లాగితే, గుండ్లు పెట్టే గదులున్న సిలిండర్ పూర్తిగా తిరిగి బిగుసుకోవడం లేదు, కొంచెం కదులుతోంది. గుండు ఉన్న గది బ్యారెల్‌కు, అంటే ముందున్న గొట్టానికి, సరిగ్గా ఎదురుగా రాకుంటే, పేల్చినప్పుడు సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి. అంతవరకైతే లోపలి చిన్న భాగాలు మారిస్తే సరిపోయేది. ఆయన లైటు దగ్గరికి తీసుకుపోయి భూతద్దం పెట్టి చూపించాడు: బ్యారెల్‌ను ఫ్రేములో (భాగాలన్నిటినీ పట్టి ఉంచే తుపాకీ ఒళ్లు) బిగించే చోట, కింది వైపున, వెంట్రుకంత సన్నటి గీత. గోరుతో గీకితే తగులుతోంది. "సార్, దీన్ని మాత్రం నేను ముట్టుకోను. ఫ్యాక్టరీ వాళ్లే చూడాల" అన్నాడు. నిజాయితీ ఉన్న మనిషి.

డీలర్ ద్వారానే, కాగితాలన్నీ పెట్టి, తయారు చేసిన కంపెనీకి పంపినాము. పేరు ఇక్కడ రాయను. జవాబు రావడానికే చాలా కాలం పట్టింది. వచ్చిన జవాబులో ఉన్నది ఇంతే: మీరు మొదటి కొనుగోలుదారు కాదు, ఈ మోడల్ మరమ్మతుకు వీలుపడదు, ఆయుధం తిరిగి పంపుతున్నాము. గీత ఉందా లేదా? ఉంటే అది పగులేనా, పైపై గీతేనా? దీన్ని ఇక పేల్చకూడదా? ఒక్కదానికీ సమాధానం లేదు. ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అబ్బాయి చాలా మర్యాదగా, "కొత్త మోడల్ తీసుకోండి సార్" అన్నాడు.

ఫ్రేము పగిలితే బాగుచేయలేరన్నది నేను ఒప్పుకుంటాను. స్ప్రింగు పోతే మార్చొచ్చు, ఫైరింగ్ పిన్ విరిగితే మార్చొచ్చు, బ్యారెల్ కూడా మార్చే వీలుంటుంది. ఫ్రేము అట్లా కాదు. దాన్ని లెక్క ప్రకారం వేడిచేసి, చల్లార్చి గట్టిపరిచి ఉంటారు. దాని మీద వెల్డింగ్ పెడితే ఆ గట్టిదనం పోతుంది, తర్వాత పేలుడు ఒత్తిడికి ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం. పైగా ఆయుధం నంబరు ఉండేది ఫ్రేము మీదే. ఫ్రేము మార్చడమంటే తుపాకీనే మార్చడం. కాబట్టి బాగుచేసి తీరాలని మేము పట్టుబట్టలేదు. చిన్నాయన అడిగింది ఒక్క రిపోర్టు. పరీక్షించాం, ఫలానా చోట ఫ్రేము చెడింది, వాడకానికి సురక్షితం కాదు అని కంపెనీ సంతకంతో ఒక కాగితం.

ఆ కాగితం ఎందుకంటే, మన దగ్గర తుపాకీ పాడైతే ఇంకోటి కొనుక్కోవడం ఫోన్ మార్చినంత సులువు కాదు. లైసెన్సులో ఆ నంబరు రాసి ఉంటుంది. దాని బదులు వేరేది తీసుకోవాలంటే లైసెన్సు ఇచ్చిన అధికారి ఒప్పుకోవాలి. ఆయన మొదట, "ఎందుకు మారుస్తున్నావు? ఇది పనికిరాదని తేల్చిందెవరు?" అని అడుగుతారు, అడగడం న్యాయం కూడా. అక్కడ చూపించడానికి మా చేతిలో ఉన్నది "వీలుపడదు" అన్న ఒక్క మాట. పోనీ బయట చేయిద్దామంటే తుపాకీ మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి. లేనివాడు చేస్తే నేరం, తెలిసి చేయించుకున్నవాడికీ చిక్కే. అంటే చట్టప్రకారం నడిచేవాడికి చివరికి దిక్కు తయారీదారే. ఆ దిక్కు తలుపేసుకుంటే?

నాకు అన్నిటికంటే మండేది నంబరు విషయంలో. ప్రతి ఆయుధం మీద కంపెనీ నంబరు కొడుతుంది. ఎన్ని చేతులు మారినా అది ఎక్కడుందో ప్రభుత్వం కనుక్కోగలదు. ఎన్నికల నోటిఫికేషన్ వస్తే స్టేషన్లో అప్పగించమంటారు, ఆ నంబరు చూసే రసీదు ఇస్తారు. రెన్యూవల్‌కు పోతే ఆ నంబరే. నేరం జరిగితే ఆ నంబరు పట్టుకునే కంపెనీ రికార్డులు తిరగేస్తారు. రెండో యజమాని, మూడో యజమాని, అందరూ లెక్కలోకి వస్తారు. సర్వీసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నంబరు చాలదు, మొదటి బిల్లు కావాలి! ఇనుములో ఉన్న లోపం బిల్లు మీద పేరు చూసి ఆగుతుందా? చెయ్యి పోయేది ఇప్పుడు పట్టుకున్నవాడికే కదా.

కంపెనీల వాదన ఏమిటో నాకు తెలియనిది కాదు. మొదటి యజమాని ఎలాంటి గుండ్లు వాడాడో, ఎవరితో విప్పించాడో మాకేం తెలుసు అంటారు. సరే, ఉచితంగా చేయకండి. డబ్బు తీసుకోండి, పరీక్ష ఫీజు ఇంత అని చెప్పండి, చిన్నాయన కట్టేవాడు. గుండు ఎక్కువ బలమైనది వాడటం వల్లే పగిలిందని మీకు అనిపిస్తే అదీ రాయండి. వారంటీ వేరు, ప్రమాదం గురించి చెప్పాల్సిన బాధ్యత వేరు. రెండూ ఒకే గాటన కట్టి తప్పుకోవడమే నేను ఒప్పుకోనిది.

ఇలా చేయొచ్చని చూపించిన కంపెనీ అమెరికాలో ఉంది. స్టర్మ్ రూగర్ 1953 నుంచి 1972 దాకా చేసిన పాత సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హామర్‌ను చేత్తో వెనక్కి లాగి పేల్చే) రివాల్వర్లలో, హామర్ కింద గుండు ఉండగా తుపాకీ కింద పడితే పేలే ప్రమాదం ఉండేది. 1973లో, ట్రిగ్గర్ నొక్కినప్పుడే హామర్ దెబ్బ గుండుకు చేరేలా చేసే ట్రాన్స్‌ఫర్ బార్ అనే భాగంతో కొత్త మోడళ్లు తెచ్చారు. కేసులు పడ్డాయి, ప్రమాదాలు జరిగాయి, అదంతా దాచేది కాదు. ఆ తర్వాత పాతవాటికి కూడా ఆ భద్రతా భాగాలు ఉచితంగా అమర్చి ఇస్తామన్నారు. మొదట నువ్వే కొన్నావా అని అడగరు, విప్పిన పాత భాగాలు కూడా తిరిగి ఇచ్చేస్తారు. ఇంకో సంగతి, అక్కడ వినియోగ వస్తువుల భద్రత చూసే కమిషన్‌కు తుపాకుల మీద అధికారమే లేదు. 1972 నాటి చట్టమే వాటిని బయట పెట్టింది. లోపమున్న తుపాకీని వెనక్కి పిలవమని ఆదేశించే వీలు ఆ కమిషన్‌కు లేదు. అయినా ఒక కంపెనీ తన పాత సరుకు భారం తానే మోస్తోంది. అక్కడి 1968 తుపాకుల చట్టం ప్రకారం బాగుచేసిన తుపాకీనో, దాని బదులు అదే రకం ఇంకోటో తయారీదారు నేరుగా పంపినవాడికే ఇవ్వొచ్చు కూడా. మన దగ్గర అట్లా నేరుగా బదులు ఇచ్చే వెసులుబాటు లేనప్పుడు రాతపూర్వక రిపోర్టు విలువ ఇంకా పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ అంటే చులకన ఎందుకో నాకు అర్థం కాదు. పదేళ్ల పాత ట్రాక్టర్ కొన్న రైతు అనంతపురం వస్తే షోరూము వాడు ఇంజిన్ నంబరు చూసి పార్టు ఇస్తాడు, నీ పేరేంటని అడగడు. పైగా దశాబ్దాలుగా విదేశీ తుపాకులు తెప్పించుకునే దారి మామూలు మనిషికి మూసుకుపోయింది కాబట్టి మన దేశంలో పాత ఆయుధాలే చేతులు మారుతుంటాయి. మూతబడ్డ విదేశీ కంపెనీల సరుకైతే అడగడానికి ఎవరూ ఉండరు. ఫ్యాక్టరీ నడుస్తూ ఉన్న కంపెనీకి ఆ సాకు లేదు. కేంద్రం 2022లో మరమ్మతు హక్కు పోర్టల్ పెట్టింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంట్లో వాడే సామాన్లు, వాహనాలు అందులో ఉన్నాయి. ఆయుధాల ఊసు లేదు. వాడేవాళ్లు తక్కువేమో, నిజమే. కానీ వస్తువు చెడితే ప్రాణం మీదికొచ్చేది వీటితోనే.

పాత రివాల్వర్ కొనబోయేవాళ్లకు ఒక మాట. ఆ 45 రోజులూ ఊరికే కూర్చోవద్దు. ఫ్రేమునూ సిలిండర్ బిగింపునూ లైసెన్సున్న మిస్త్రీతో చూపించండి. నంబరు రాసి, ఈ మోడల్‌కు విడిభాగాలున్నాయా, రెండో యజమానికి పరీక్ష చేసిస్తారా అని కంపెనీకి ఉత్తరం పెట్టండి. జవాబు చేతికొచ్చాకే డబ్బులివ్వండి.

చిన్నాయన రివాల్వర్ ఇప్పుడు డీలర్ దగ్గరే డిపాజిట్‌లో ఉంది. వివరమైన రిపోర్టు కోసం కంపెనీకి మళ్లీ రాసినాము, ఈసారి రిజిస్టర్డ్ పోస్టులో. మీలో ఎవరికైనా తయారీదారు నుంచి ఇలాంటి రిపోర్టు వచ్చి ఉంటే, ఏ విభాగానికి రాశారో, ఏమని అడిగితే ఇచ్చారో కింద చెప్పండి. లైసెన్సు నంబరు, ఆయుధం నంబరు మాత్రం పెట్టొద్దు.