పేరులోనే కూర ఉంది, ఇంకేం కూర కావాలి?

మొన్న ఆదివారం విశాఖ నుంచి మా చిన్నాన్న కొడుకు వచ్చాడు. అన్నం, చారు, ముల్లంగాకు వేపుడు, వడియాలు, పెరుగు పెట్టాను. కంచం ముందు కూర్చుని అటూ ఇటూ చూసి, "అక్కా, ఇయ్యాల కూరేటీ వండలేదేటి?" అన్నాడు. కంచంలో గుప్పెడు ఆకుకూర ఎదురుగా ఉంది బాబూ, అది కూర కాకపోతే ఏంటది, అలంకారానికి పెట్టానా? తోటకూర, పాలకూర, చుక్కకూర, బచ్చలికూర, పొన్నగంటి కూర, చివరికి గోంగూర కూడా, ఒక్కొక్కదాని పేరులోనే కూర ఉంది. మనకి మాత్రం వంకాయో బంగాళాదుంపో కనబడితేనే కూర వండినట్టు లెక్క. ఆకు ఒక్కటే వండితే ఇంట్లో ఇంకేం లేక పెట్టారనుకుంటారు.

వాడొక్కడినే అని లాభం లేదు, మనవాళ్లందరిదీ ఇదే వరస. ఆకు దొరికితే చాలు పప్పులో పడేస్తాం. పప్పంటే నాకేం పగ లేదు, తోటకూర పప్పు నేనూ లొట్టలేసుకుంటూ తింటాను, కానీ వారంలో నాలుగు రకాల ఆకులు కొని నాలుగింటినీ అదే కుక్కర్లో అదే కందిపప్పుతో మూడు విజిల్స్ రానిచ్చి అంతే చింతపండు పిండేస్తే ఏ రోజు ఏ ఆకు తిన్నామో నాలుకకి ఎలా తెలుస్తుంది?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఊరి చివర దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మా ఊరు ఇటు పడింది, చుట్టాలు అటు పడ్డారు. వంటిళ్లని మాత్రం ఎవరూ విడదీయలేకపోయారు. గోడ అవతల ఒడియా వాళ్లు. వాళ్లింట్లో అన్నం పక్కన శాగొ భజాకి, అంటే మన ఆకుకూర వేపుడికి, దానికంటూ ఒక చోటుంటుంది. పప్పు వేరు, అది వేరు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలోకి బంగాళాదుంపనీ టమాటానీ రానివ్వరు గానీ శాగొ ఉంటుంది. దేవుడికి పెట్టేది మా తమ్ముడికి తక్కువైపోయింది మరి.

నేను నేర్చుకున్నది పక్కింటి మావుసీ దగ్గర. పెళ్లై వచ్చిన కొత్తలో మునగాకు తెచ్చి, కుక్కర్లో గ్లాసుడు నీళ్లు పోసి విజిల్స్ పెట్టాను. బయటికొచ్చింది కుడితి. మావుసీ చూసి నవ్వి ఉంటే బాగుండేది, నవ్వకుండా జాలిపడింది. మర్నాడు తన వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది.

ఇనప మూకుట్లో ఆవనూనె పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించి, చిటికెడు పాంచ్ ఫుటణ వేసింది. జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్ల జీలకర్ర, ఈ అయిదూ కలిపిన పోపు. రెండు ఎండుమిర్చి తుంచి, పొట్టుతోనే చితక్కొట్టిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే తరిగిన తోటకూర ఎత్తి పోసేసింది. మూకుడు మీద గోపురంలా లేచింది. నేను ఉత్సాహంగా ఉప్పు డబ్బా తీస్తే చెయ్యి పట్టుకుని ఆపి, "టికే రుహ" అంది. కాస్త ఆగమని. రెండు నిమిషాల్లో గోపురమంతా కూలి అడుగున గుప్పెడైంది. అప్పుడు వేసింది ఉప్పు, చిటికెడు. ఆ గోపురాన్ని చూసి నేను ఉప్పేసి ఉంటే బంగాళాఖాతమే. తోటకూరైనా పాలకూరైనా నూటికి తొంభై పాళ్లు నీళ్లే, ఆ నీళ్లలోనే అది ఉడుకుతుంది, పైనుంచి గ్లాసులకొద్దీ పొయ్యడమెందుకు?

అయితే ఇది లేత ఆకు సంగతి. మొండి ఆకుల దగ్గరే చాలామంది దెబ్బతినేది. ముల్లంగాకు, ఆవాకు, కాలీఫ్లవర్ చుట్టూ ఉండే ఆకు, మునగాకు ఇలా చేస్తే నమిలీ నమిలీ దవడలు పోతాయి, అందుకే వీటిని తెచ్చుకోవడం మానేస్తారు. పెద్ద ఆకులకి నడిమి ఈనె తీసెయ్యాలి, నాలుగైదు ఆకులు కలిపి చుట్టలా చుట్టి సన్నగా తరగాలి. మునగాకైతే రెమ్మ నుంచి దూస్తే చాలు, కానీ పుల్ల ఒక్కటి మిగిలినా సరిగ్గా చుట్టం గొంతులోనే అడ్డం పడుతుంది. పోపులో వేసి కలిపి, నాలుగు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టి ఐదారు నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత మూత తీసేసి మంట పెంచి తడి ఆరేదాకా తిప్పండి. మూత తియ్యకుండా సీరియల్ చూస్తూ కూర్చున్నారో, ఆకులోని పులుపు ఆవిరిగా పోయే దారి లేక మళ్లీ అందులోకే దిగుతుంది, ఆకు ఖాకీ రంగుకి తిరుగుతుంది. చింతపండు, టమాటా ముందే వేసినా ఇంతే. పులుపు తగిలితే పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోతుంది. (గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఇలాంటి పుస్తకాల మాట వాడినందుకు క్షమించాలి, ఆకులోని పచ్చదనం అనుకోండి.) పులుపు లేనిదే ముద్ద దిగదంటే దించాక నిమ్మచెక్క పిండుకోండి. పచ్చగా కనబడాలని సోడా ఉప్పు వేసేవాళ్లు కూడా ఉన్నారు. రంగు నిలుస్తుంది, ఆకు జావైపోతుంది, ఉన్న విటమిన్ సి కూడా పోతుంది.

కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం పాలకూర, తోటకూర ఎంత తినొచ్చో డాక్టర్‌ని అడగండి, వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ. ఉడికించి నీళ్లు వార్చేస్తే కొంత తగ్గుతాయి.

దించే ముందు మావుసీ వేయించిన బడిని నలిపి పైన చల్లుతుంది, మన మినప వడియాల్లాంటివే. నేను నువ్వులు వేయించి దంచి చల్లుతాను. ఆవిడకి నా నువ్వులు నచ్చవు, నాకు ఆవిడ ఆవనూనె ఘాటు నచ్చదు, ఇరవై ఏళ్లుగా గోడ మీంచి గిన్నెలు మాత్రం మారుతూనే ఉన్నాయి.

చలికాలంలో మా సంతకి వచ్చి చూడండి. కాలీఫ్లవర్ అమ్మే అతను పువ్వు చుట్టూ ఉన్న ఆకంతా కత్తితో నరికి కింద పడేస్తాడు, ఆవులు వచ్చి తింటాయి. నేను సంచీ చాపితే "ఆవుందా అమ్మా ఇంట్లో?" అని అడిగాడు. ఉన్నాం నాయనా, ముగ్గురం. అక్కడ బెంగళూరులో మా మేనకోడలేమో కేల్ అని గిరజాల ఆకు ప్యాకెట్లో కొనుక్కుని, ఎలా తినాలో తెలియక జ్యూస్ చేసి ముక్కు మూసుకుని తాగుతోంది. ఆ కేలూ, ఈ కాలీఫ్లవరూ, క్యాబేజీ, నూల్‌కోల్ అన్నీ ఒకే మొక్క జాతి, బ్రాసికా ఒలెరేసియా. ఒకచోట ఆకు కోసం, ఒకచోట పువ్వు కోసం పెంచుకుంటూ వస్తే ఇన్ని రూపాలయ్యాయి. ఈనె తీసి, వెల్లుల్లి పోపులో మగ్గబెట్టుకో తల్లీ అని చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

ఇంకో ఒళ్లుమంట. కొండల మీద నుంచి సవర ఆడవాళ్లు తట్టల్లో ఆకు తెస్తారు, అందులో సగం పేర్లు నాకే తెలియవు. పొద్దున్నే ఏరి, కట్టలు కట్టి, ఇంత దూరం మోసుకొస్తే పది రూపాయల కట్టకి ఐదిస్తానని కొనేవాళ్లు బేరమాడతారు, స్కూటీ దిగకుండానే. ఆకే కదా అని. అందరికీ ఆకంటే చులకన.

ఇంతకీ మా తమ్ముడు. మూతి ముడుచుకునే మొదలెట్టినా చారన్నంలోకి రెండు సార్లు వేయించుకున్నాడు, పెరుగన్నంలోకి కూడా అదే నంజుకున్నాడు, గిన్నె అడుగు కనబడింది. సరే గెలిచాననుకున్నాను. సోమవారం పిన్ని ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగింది, "ఏమ్మా, అల్లుడికి జీతం సరిగ్గానే వస్తోందా?"