బోర్డా, పొట్లమా?

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక ఫ్లెక్స్ షాపు. షాపు అల్లుడిది, అంటే అత్తకు మేనల్లుడు. అత్త రిటైర్డ్ సోషల్ టీచరు, పుట్టిల్లు కరవది. ఇంట్లో నల్లకారం, పప్పులపొడి కొట్టి అమ్ముతోంది. ఆ పొళ్లకు నలభై వేలు పెట్టి బోర్డు కట్టిద్దామని అల్లుడు. ఆ డబ్బుతో మిరపకాయలు కొంటానని అత్త. జిరాక్స్ కోసం వెళ్లిన నేను మధ్యలో ఇరుక్కుపోయాను.

అల్లుడు: నీ నల్లకారానికి వంక పెట్టేదేం లేదత్తా. కానీ మంగమూరు రోడ్డు దాటితే అది ఎవరికి తెలుసు?

అత్త: తిన్నవాడి నాలుక చెబుతుంది పక్కవాడికి. బోర్డు చూసి నోరూరినోణ్ణి నేను ఇంతవరకు చూళ్లేదు.

అల్లుడు: నాలుకదాకా వచ్చావు గాబట్టి చెప్తా విను. లిస్టరిన్ అని నోరు పుక్కిలించే మందుంది చూడు, అది 1879లో అమెరికాలో పుట్టింది. ఆపరేషన్లప్పుడు క్రిములు చావడానికి చేశారు. 1920లు వచ్చేసరికి దాన్ని నోటి వాసనకు అమ్మాలనుకున్నారు. ‘నోరు కంపు’ అని పత్రికల్లో వేస్తే బాగుండదు గదా. వైద్యుల పుస్తకాల్లో మూల పడున్న ‘హాలిటోసిస్’ అనే మాట దుమ్ము దులిపి తెచ్చారు. పాపం ఈ అమ్మాయికి అందుకే పెళ్లి కావట్లేదు అన్నట్టు బొమ్మలేశారు. సీసాలో నీళ్లు అవే. మాట మారింది, అమ్మకాలు ఎగిరిపోయాయి.

అత్త: అయితే నా కారం తినకపోతే పిల్లకు పెళ్లి కాదని రాయిస్తావా బోర్డు మీద?

(అల్లుడు నవ్వాడు గానీ, ఆ ఆలోచన ఒక్క క్షణం అతని కళ్లల్లో మెరిసింది. నేను చూశాను.)

అత్త: భయపెట్టి అమ్మడం కూడా ఒక అమ్మకమేనా! మనవాళ్లు ఎట్టా అమ్మారో చూడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. కొత్త మందు, ఎవరు కొంటారు? సంగీత కచేరీల్లో ఊరికే పంచారు. రాసుకున్నోడికి తలనొప్పి తగ్గింది, మర్నాడు కొట్టుకెళ్లి అడిగాడు. ఆ లాభాలతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. టీ సంగతి మాత్రం ఏంది? మనం పొద్దున్నే లేచి తాగేది తాతల నాటి అలవాటనుకుంటాం. తేయాకు మీద సెస్సు వేస్తూ 1903లో చట్టం చేశారు. ఆ డబ్బుతో ఊళ్లల్లో, రైల్వే స్టేషన్లలో టీ కాచి ఉచితంగా పోశారు, ఎట్టా కాచుకోవాలో నేర్పారు. గ్లాసు చేతికిచ్చారురా, బోర్డు కాదు!

అల్లుడు: ఉచితంగా ఇవ్వడం ప్రచారం కాదా మరి?

అత్త: ప్రచారమే. నాకు పేచీ ప్రచారంతో కాదు, నీ నలభై వేలతో.

ఇక్కడ అత్త కొంచెం జారింది. నాలుక చాలన్న మనిషి ప్రచారాన్ని ఒప్పేసుకుంది. అది అల్లుడు పట్టుకుంటే బాగుండేది. పట్టుకోకుండా కోకకోలా ఎత్తుకున్నాడు.

అల్లుడు: కోకకోలా 1886లో ఐదు సెంట్లు. దాదాపు డెబ్బై ఏళ్లు అదే రేటు! గోడ మీదా, గడియారం మీదా, ఎక్కడ చూసినా ‘ఐదు సెంట్లు’ అని రాశారు. అదీ బోర్డు బలమంటే.

అత్త: డెబ్బై ఏళ్లు ఎందుకు పెంచలేదు?

అల్లుడు: అదా... 1899లో సీసాల్లో నింపే వాళ్లకు పాకం ఒకే రేటుకు ఇస్తామని కాగితం రాసిచ్చారు. సీసాలో ఎవరు తాగుతారులే అనుకున్నారు. తీరా జనం సీసాలకే ఎగబడ్డారు. వాళ్లు రేటు పెంచితే లాభం వాళ్లకే, కంపెనీకి పైసా రాదు. అందుకని సీసాల వాళ్లు రేటు పెంచకుండా, జనానికి ఐదు సెంట్లని కంపెనీ ఊరంతా రాసి చూపించింది. తర్వాత కంపెనీయే పెంచుదామనుకున్నా, గోడల మీద రాసింది అడ్డమొచ్చింది.

అత్త: చూశావా! బోర్డు మీద కిలో ఇంత అని నువ్వు రాస్తావు. గుంటూరు యార్డులో మిరప క్వింటాలు రేటు లేస్తుంది. అప్పుడు నిచ్చెనేసుకుని పైకెక్కి తుడిచేది నువ్వా, నేనా?

అల్లుడు: రేటు రాయను. పేరే రాస్తా. పేరు ఎందుకో చెప్పనా? మీ కరవది కథే.

అత్త: ఏంది?

అల్లుడు: 1868లో ఒక ఓడ బ్రెజిల్‌లో సాల్వడార్ రేవులో ఆగింది. అందులో ఉన్న మన ఒంగోలు జాతి పశువులు రెండు అక్కడే అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఇంకా వెళ్లాయి. 1960లలో మీ ఊరి పేరుతోనే ‘కరవది’ అని ఒక గిత్త వెళ్లింది. ఇవాళ ఆ దేశంలో మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఈ రక్తమే. మరి వాళ్లు ఆ జాతిని ఏమంటారు? నెలోరె. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది గదా, ఆ పేరే అంటుకుంది. గిత్త మనది, పేరు నెల్లూరుది.

అత్త చాలాసేపు మాట్లాడలేదు. సోషల్ టీచరు గాబట్టి 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉందని ఆమెకు తెలుసు. అయినా ఈ మాట గుచ్చుకున్నట్టుంది.

అత్త: ఒరే, గిత్తను ఎవరూ బోర్డు చూసి కొనలేదు. ఎండకు తట్టుకుంది, ఏది దొరికితే అది మేసి బతికింది. కొన్నారు.

అల్లుడు: అవును. పేరు మాత్రం పోయింది.

అత్త సంచిలోంచి నల్లకారం డబ్బా తీసింది. చిన్న ప్లాస్టిక్ కవరులో ఒక చెంచాడు వేసి, మూతి మడిచి కౌంటరు మీద పెట్టింది. ఇడ్లీ బండ్ల దగ్గర ఇట్టాంటివి రెండు వందలు పంచాలంది. కవరుకు అంటించే స్టిక్కరు ఎంతవుతుందని అడిగింది.

అల్లుడు: నీకు ఊరికే వేస్తాలే. ఏం రాయను?

అత్త: కరవది నల్లకారం. అక్షరాలు పెద్దవిగా ఉండాల. నువ్వు వేసింతర్వాత నేను ఒకసారి చూసిగానీ ప్రింటుకు ఇవ్వమాకు.

నా జిరాక్స్ మాట అప్పటికి ఇద్దరూ మర్చిపోయారు.