రిజిస్ట్రీ శస్త్రవైద్యులకు ఒక వినతి

వైరస్ సోకిన ఇంటి కంప్యూటర్‌కు మందు దొరక్కపోవచ్చు గానీ, "రిజిస్ట్రీలోకి వెళ్లి అనుమానంగా ఉన్నది తీసిపారెయ్యండి" అని సెలవిచ్చే ధన్వంతరులకు మాత్రం ఏనాడూ కొదవ లేదు. విండోస్ తన అమరికలన్నీ రాసిపెట్టుకునే ఆ చిట్టాలో అనుమానంగా లేనిది ఏదో కూడా వారే చెబితే బాగుండును. మీసాల బ్రాకెట్ల మధ్య 32 అంకెలూ అక్షరాలూ కలగలిపి రాసుకున్న పద్దులు చాలావరకు విండోస్, మామూలు ప్రోగ్రాముల సొంత సంసారానివే కాగా, అసలు దొంగ మాత్రం 'ఎస్‌వీసీహోస్ట్' అని విండోస్ సొంత ప్రోగ్రాములాంటి పెద్దమనిషి పేరు పెట్టుకుని దర్జాగా కూర్చుంటాడు.

అయినా విధేయుడైన గృహస్థు 'రన్' అనే కీని (లాగిన్ కాగానే నడిచే ప్రోగ్రాముల పద్దులుండే అరను) తెరిచి, వైరస్ పద్దును పట్టుకుని, డిలీట్ నొక్కి, హమ్మయ్య అనుకుని తెరను తాజాపరిచే ఎఫ్5 నొక్కుతాడు. పద్దు అక్కడే ఉంటుంది. మళ్లీ తీసేస్తాడు, మళ్లీ వస్తుంది. మెమరీలో నిక్షేపంగా నడుస్తున్న వైరస్ తన పద్దును కనిపెట్టుకుని ఉండి, చెరిపిన మరుక్షణమే తిరిగి రాసుకుంటోందని, ముందు అత్యవసరమైనవే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చివరికి ఫోనులో నిపుణులవారి ఆదేశం మేరకు 'విన్‌లాగాన్' అనే లాగిన్ కీ కింద ఉన్న, డెస్క్‌టాప్‌ను తెరిపించే 'యూజర్‌ఇనిట్' విలువను కూడా చెరిపేస్తాడు. అంతటితో విండోస్ ఆయనను లోపలికి రానిచ్చి, వెంటనే బయటికి సాగనంపడం మొదలుపెడుతుంది. వైరస్ బాధ తీరిందనే చెప్పాలి, డెస్క్‌టాప్ మొహం చూసే భాగ్యం ఇక ఎవరికీ లేదు గనుక.

ఈ పరంపర పాతదే. 2002లో ఎలుగుబంటి బొమ్మ ఐకాన్ ఉన్న ఫైలు వైరస్ అని ఈమెయిల్ రాగానే, విండోస్‌తో పాటు వచ్చిన నిరపాయమైన ఫైలును ఎందరో స్వహస్తాలతో తుడిచేసి, ఆ శుభవార్తను బంధుమిత్రులకు కూడా పంపారు.

అజ్ఞానాన్ని క్షమించవచ్చు. రిజిస్ట్రీ క్లీనర్లు అమ్ముకునేవాళ్లను మాత్రం క్షమించలేము. ఉచితంగా స్కాన్ చేస్తామని పిలిచి, ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల తాలూకు చచ్చిన పద్దులన్నింటినీ ఎర్ర అక్షరాలలో 'ప్రమాదాలు'గా చూపి, బాగుచేయాలంటే డబ్బు కట్టమని భయపెట్టడం శవాల మీద పేలాలు ఏరుకోవడమే. అలాంటి సరుకును తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. విండోస్ నడవకముందే పరీక్ష చేసే, విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ 2016 ఆగస్టు తర్వాతి విండోస్ 10లో పైసా ఖర్చు లేకుండా ఉంటే, కంప్యూటర్ ముందు కూర్చోవడానికే జంకే పెద్దవాళ్ల దగ్గర ఏటేటా చందా గుంజుతున్న మీకు సిగ్గుగా లేదూ?