ఆకాశరామన్న ఫోను పట్టుకుంటే

ఆకాశరామన్న ఉత్తరం ఎరగని తెలుగు ఊరు లేదు. వాటిలో చాడీలూ ఉంటాయి, ఎవరూ పైకి చెప్పుకోలేని నిజాలూ ఉంటాయి. ఇప్పుడు ఉత్తరం పోయి ఫోను వచ్చింది. ఫోనుకు మాత్రం గుట్టు దాచడం తెలియదు. స్వర్ణముఖిలో అర్ధరాత్రి ఇసుక ఎత్తుతున్న ట్రాక్టరును ఒకరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారనుకుందాం. ఫొటో వెంట పంపినవారి నంబరూ వెళ్తుంది. బొమ్మ స్పష్టంగా ఉండాలని డాక్యుమెంటుగా పంపితే తీసిన తేదీ, సమయం, ఫోను మోడలు, లొకేషన్ ఆన్‌లో ఉంటే నిలబడిన చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా అందులోనే ఉంటాయి. ఇసుక దొంగలకు ఇంతకంటే ఆనవాలు అక్కర్లేదు.

చదివేవాళ్ల చిక్కు మరొకటి. సైటు తెరుచుకోదు, ఎందుకో చెప్పేవారుండరు. ఒక కంపెనీ సిమ్‌లో వచ్చేది మరో కంపెనీ సిమ్‌లో రాదు. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద కేంద్రం సైట్లను నిలిపివేయించవచ్చు. 2009 నాటి నిబంధనల్లో 16వది ఆ ఆదేశాలను గోప్యంగా ఉంచమంటుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన 66ఏను కొట్టేసి, 69ఏను నిలబెట్టింది. కారణాలు రాతపూర్వకంగా నమోదు కావాలి, వాటిని హైకోర్టులో సవాలు చేసుకోవచ్చు అన్న భరోసా ఆ తీర్పులో ఉంది. కంటికి చూపని కాగితాన్ని ఎవరు, ఎలా సవాలు చేస్తారు? నిలిపివేత ఆదేశాలను కారణాలతో సహా ప్రచురించాలని మేం గట్టిగా కోరుతున్నాం.

అది జరిగేదాకా, నెట్‌లో ఎవరు ఏం చూస్తున్నారో దాచే టోర్ గురించి మన కుర్రకారుకే కాదు, ఉద్యోగులకూ తెలిసి ఉండాలి. 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన ఈ పద్ధతిని 2006 నుంచి లాభాపేక్ష లేని ఒక సంస్థ చూసుకుంటోంది. మనం అడిగిన పేజీ కోసం కబురు మూడు పొరలు చుట్టుకుని, మూడు కంప్యూటర్ల మీదుగా వెళ్తుంది. మొదటిదానికి మనం ఎవరో తెలుసు, ఎక్కడికి వెళ్తున్నామో తెలియదు. చివరిదానికి వెళ్లే చోటు తెలుసు, మనం తెలియదు. నడిమిదానికి రెండూ తెలియవు. మన రాకపోకలను ఒక కంపెనీ సర్వర్ మీదుగా పంపే వీపీఎన్‌లో అయితే రెండూ ఆ ఒక్క కంపెనీ చేతిలోనే ఉంటాయి. పైగా వాడకందారుల వివరాలను 5 ఏళ్లు దాచాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వీపీఎన్ కంపెనీలను ఆదేశించింది.

టోర్ బ్రౌజర్‌ను టోర్‌ను చూసుకునే సంస్థ సొంత సైటు నుంచి గానీ, ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ నుంచి గానీ మాత్రమే దించుకోవాలి. ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన ఫైలు వద్దు. కనెక్ట్ కాకపోతే ముందు ఫోను గడియారం చూడండి. తేదీ, టైము తప్పుగా ఉంటే టోర్ లేవదు. అదీ సరిగానే ఉంటే సెట్టింగుల్లో కనెక్షన్ విభాగానికి వెళ్లి ‘బ్రిడ్జ్’, అంటే టోర్‌ను అడ్డుకున్నచోట పనికొచ్చే చాటు దారి, ఎంచుకోవాలి. వాటిలో స్నోఫ్లేక్ మన రాకపోకలను వీడియో కాల్ వంటిదిగా కనిపించేలా చేస్తుంది. ఓబీఎఫ్ఎస్4 దేనికీ పోలిక లేని గజిబిజిగా మారుస్తుంది. నెమ్మదిగా ఉంటుంది, ఓర్చుకోవాలి. బ్యాంకు పనులకు దీన్ని వాడొద్దు, అక్కడ అవసరమూ లేదు.

చెడేది ఎక్కువగా మనిషి దగ్గరే. టోర్‌లో కూర్చుని సొంత ఫేస్‌బుక్ ఖాతా తెరిస్తే మూడు పొరలూ వృథా. దించుకున్న పీడీఎఫ్‌ను నెట్ ఆపకుండా వేరే యాప్‌లో తెరిస్తే అది టోర్‌ను దాటి నేరుగా నెట్‌ను తాకొచ్చు. చివరి కంప్యూటర్ నడిపేవాడు దొంగైతే, తాళం గుర్తు లేని సైటులో మీరు కొట్టిన పాస్‌వర్డ్ వాడికి కనిపిస్తుంది. 2007లో ఒక స్వీడన్ పరిశోధకుడు ఇలాగే రాయబార కార్యాలయాల పాస్‌వర్డ్‌లు పట్టి చూపాడు. అన్నిటికంటే పెద్ద పొరపాటు ఆఫీసు వైఫై. మీరేం చూశారో నెట్ ఇచ్చేవారికి తెలియదు గానీ, టోర్ వాడారని తెలుస్తుంది. 2013 డిసెంబరులో హార్వర్డ్‌లో ఉత్తుత్తి బాంబు బెదిరింపు పంపిన విద్యార్థి దొరికింది అలాగే: ఆ పొద్దు క్యాంపస్ వైఫైలో టోర్ వాడినవాళ్లను వెతికారు. బెదిరించినవాడు దొరకడం మంచిదే. కానీ కలెక్టరేట్ వైఫైలో కూర్చుని అక్రమాన్ని బయటపెట్టే గుమాస్తానూ అదే లెక్క పట్టిస్తుంది. బస్టాండు దగ్గరి నెట్ సెంటరూ ఆసరా కాదు. 2011 నిబంధనల ప్రకారం అక్కడ గుర్తింపు కార్డు చూపాలి, ఆ చిట్టా కనీసం ఏడాది ఉంటుంది.

మత్తుమందుల బేరగాళ్లు, పిల్లల మీద అఘాయిత్యాల వీడియోలు అమ్మేవాళ్లు ఈ దారినే నడుస్తున్నారని అంటారు. నిజమే, దాన్ని మేం తేలిక చేయడం లేదు. వాళ్లను పట్టిస్తున్నది ఎక్కువగా వాళ్ల పొరపాట్లు, డబ్బు జాడ, ఓపికగల దర్యాప్తు. అందరి గుట్టూ లాగేస్తే ముందు దొరికేది గుమాస్తా. టోర్ వాడడమే నేరమనే కేంద్ర చట్టమేదీ లేదన్న సంగతి పోలీసు స్టేషన్లకూ తెలియాలి.

పత్రికలుగా మాకూ బాధ్యత ఉంది. పేరు చెప్పకుండా పత్రికకు ఫైళ్లు పంపే వీలిచ్చే సెక్యూర్‌డ్రాప్ వంటి పెట్టె పెట్టుకోవడానికి రెండు సర్వర్లు, ఒక ఫైర్‌వాల్, నెట్ ముఖం ఎన్నడూ చూడని ఒక కంప్యూటరు, కొన్ని పెన్‌డ్రైవ్‌లు, వాటిని క్రమం తప్పక చూసుకునే మనిషి కావాలి. తిరుపతి, చిత్తూరు డెస్కులు ఒక్కొక్కటీ దీన్ని మోయలేవు, ఉమ్మడిగా మోయగలవు. ఈలోగా పోస్టు డబ్బా ఉంది. అయితే కలర్ లేజర్ ప్రింటర్‌లో తీసిన కాగితం వేయకండి. చాలా కలర్ లేజర్ యంత్రాలు కంటికి ఆనని పసుపు చుక్కలతో తమ సీరియల్ నంబరును ప్రతి పేజీ మీదా అచ్చువేస్తాయి.