పోతు తీగ అని బోడకాకరను పీకేయకండి

నిన్న మా అపార్ట్‌మెంట్ చెత్త డబ్బా పక్కన ఒక బోడకాకర తీగ మట్టితో సహా పడి ఉంది. దుంప నా గుప్పెడంత ఉంది. ప్రాణం ఉసూరుమంది. పై ఫ్లోర్ అక్కను అడిగితే, "రెండు వానాకాలాలు చూశాను. పూయడం, రాలడం, అంతే. ఒక్క కాయ లేదు" అంది. తీగకు ఇంకా పూలున్నాయి. ఒకటి తెంపి చూశాను. పువ్వు కింద పిందె లేదు, దోసిలి పట్టినట్టు ఒక చిన్న ఆకు ఉంది. అంటే అది పోతు తీగ. ఎన్నేళ్లు పెంచినా కాయదు. కానీ అలాంటిది దగ్గర్లో లేకపోతే ఆడ తీగా కాయదు!

ఈ ఒక్క ముక్క మొక్క అమ్మేటప్పుడు ఎందుకు చెప్పరు? నాకు కోపం అక్కడే. నేనూ మొదట్లో ఒక నర్సరీలో ఒక్క మొక్కే కొన్నాను. "మస్తు కాస్తది మేడమ్" అన్నారు. రెండేళ్లు కుండీ ముందు నిలబడి నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

బీర, సొర, మామూలు కాకర అయితే రెండు రకాల పూలూ ఒకే తీగకు వస్తాయి. బోడకాకర అలా కాదు, తాటి చెట్టు లాంటిది. పోతుతాడు వేరు, పండుతాడు వేరు అని కల్లు గీసే ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గింజ నాటితే పూత వచ్చేదాకా ఏ తీగో తెలియదు. పైగా ఆ గింజ పెంకు గట్టిది, మొలవడానికి సతాయిస్తుంది. ఆడ తీగ దుంపో కొమ్మో నాటితే ఆడ తీగే వస్తుంది. సాగు చేసే రైతులు ఎనిమిది, పది ఆడ తీగలకు ఒక పోతు తీగ చొప్పున పెట్టుకుంటారు. రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సాగు కోసం 'ఇందిరా కంకోడ-1' అనే రకాన్నే తెచ్చింది. ఇంత తెలిసిన పంటకు, నర్సరీలో 'ఆడ', 'పోతు' అని చీటీ కట్టడానికి ఏం కష్టం?

మేడ మీద పెంచేవాళ్లకు ఇంకో మాట. ఈ పూలు దీపాలు పెట్టే వేళకు విచ్చుకుంటాయి. రాత్రి తిరిగే రెక్కల పురుగులు వాటి పని చూస్తాయి. మా ఐదో అంతస్తుకు అవి ఎక్కువగా రావు. అందుకే నేనే ఫోన్ లైట్ వేసుకుని వెళ్తాను. పోతు పువ్వు తెంపి, పసుపు రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడ పువ్వు నడుమ మెల్లగా రాస్తాను. ఆడ పువ్వు కింద ముళ్లు ముళ్లుగా వేలి గోరంత పిందె ముందే ఉంటుంది. రాసింది పట్టుకుంటే నాలుగు రోజుల్లో అది ఊరుతుంది, రెండు వారాల్లో కూరకు వస్తుంది. పట్టకపోతే పసుపెక్కి రాలిపోతుంది.

కార్తీకం దాటాక తీగ ఎండిపోతే చచ్చిందనుకోకండి. దుంప నిద్రపోతోంది, అంతే. అప్పుడు రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. నా మొదటి దుంప అలాగే పోయింది. కుండీని ఒక పక్కకు జరిపి, అందులో ఇంకేమీ నాటకుండా వదిలేయండి. తొలకరి పడగానే ఎర్రమట్టి చీల్చుకుని తీగ పైకి వస్తుంది.

వికారాబాద్, నర్సాపూర్ అడవులకు వెళ్లి దుంపలు తవ్వుకొచ్చేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మెహిదీపట్నం రైతుబజారు బయట శ్రావణంలో కాయలమ్మే ఒక అవ్వ ఉంది. చేతుల నిండా ముళ్ల గీతలు. కిలో మూడొందలంటే బేరమాడేవాళ్లను చూసి, "పొద్దుగాల్నే లేసి పొదలన్నీ తిరిగితే గివ్వి దొర్కినయి బిడ్డా" అంటుంది. గడ్డ కూడా తెస్తావా అని అడిగాను. "గడ్డ తవ్వితే మల్ల ఏడాది ఏం తెంపాలె?" అంది.

అక్క పారేసిన దుంపను మా పెద్ద కుండీలో పెట్టాను, ఆడ తీగ పక్కనే. నా దగ్గర ఆడ తీగ కొమ్మలకు వేర్లు వచ్చిన పిల్లలు మూడున్నాయి. ఒకటి అక్కకు. హైదరాబాద్‌లో ఎవరైనా పోతు తీగ పీకేద్దామనుకుంటుంటే, ముందు నాకొక మెసేజ్ పెట్టండి. మార్చుకుందాం.