గని ఖాళీ అయ్యాక బాకీ ఎవరిది?

గనుల చుట్టూ నేల విషమవుతోందా లేదా అన్న వాదన ఇంకా నడుస్తూ ఉండటమే విడ్డూరం. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వ్యర్థాల గుట్టల నుంచి పొలాలకు ఎలా చేరతాయో ఈపాటికి అందరికీ తెలుసు. తేలవలసింది ఒక్కటే: ఆ నేలను బాగుచేసే డబ్బు ఎవరిది, ఎప్పుడు కట్టాలి? గని యజమానే కట్టాలి, అదీ తవ్వకం మొదలుకాక ముందే.

గని మూసేస్తే పీడ వదిలిందనుకోవడం అమాయకత్వం. తవ్వి పోసిన రాళ్లలోని పైరైట్‌ అనే ఇనుము, గంధకాల ఖనిజానికి గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. అది మిగతా లోహాలను కరిగించి పల్లానికి మోసుకుపోతుంది. ఈ పనికి కార్మికులు అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు, వాన చాలు. పైగా సీసం మూలకం. ఎన్నేళ్లు గడిచినా విరిగి మరొకటిగా మారదు. కలుషితమైన వరి పొలం పరిస్థితి మరీ ఘోరం. మడిలో నీరు నిలిపితే కాడ్మియం గంధకంతో కలిసి మట్టిలోనే బిగుసుకుంటుంది కానీ ఆర్సెనిక్ విడుదలై వేళ్లకు అందుతుంది. మడిని ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గి కాడ్మియం గింజకెక్కుతుంది. ఏ పాపం ఎరుగని రైతు ఏ విషం నయమో తేల్చుకోవాలన్నమాట!

జపాన్‌లో కామియోకా గనుల కాడ్మియం జింజు నది గుండా వరి పొలాల్లోకి చేరింది. ఆ బియ్యం తిన్నవారి మూత్రపిండాలు చెడి, ఎముకలు పెళుసుబారి విరిగాయి. 1968లో ప్రభుత్వం ఆ 'ఇటాయి-ఇటాయి' జబ్బును కాలుష్య వ్యాధిగా గుర్తించింది. 800 హెక్టార్లకు పైగా పొలాల మట్టిని బాగుచేసే పని 2012కు గానీ పూర్తికాలేదు. అక్కడ కోర్టుకీడ్చడానికి కంపెనీ మిగిలి ఉంది కాబట్టి అదైనా జరిగింది. జాంబియాలోని కాబ్వేలో సీసం గని 1994లోనే మూతపడింది. అక్కడి పిల్లల రక్తంలో సీసం మాత్రం నేటికీ పోలేదు.

ఖనిజం ఉన్నచోట నేలలో లోహాలు సహజంగానే ఎక్కువని గనుల పక్షం వాదిస్తుంది. నిజమే. అందుకే తవ్వకానికి ముందే మట్టి పరీక్షలు జరిపి, ఫలితాలు బయటపెట్టమనండి. సహజమెంతో, గని తెచ్చిపెట్టినదెంతో అప్పుడు తేలుతుంది. ఆ ప్రతిపాదన వాళ్ల నోట రాదెందుకో.

అసలు చిక్కు చౌక లోహం మీద మనకున్న మోజులో ఉంది. విద్యుత్ వాహనాల కోసం రాగి, నికెల్, కోబాల్ట్ కావాలని తొందరపడుతున్నవారు వాటి ధరను ఎప్పుడైనా అనుమానించారా? శుద్ధి ఖర్చు ముందే జమ చేయమంటే చాలా గనులు గిట్టుబాటు కావని బెదిరిస్తారు. పొలం నష్టాన్ని లెక్కలో వేస్తే అవి ఏనాడూ గిట్టుబాటైనవి కావు. ఆ సొమ్ము కంపెనీ హామీ పత్రంగా కాక, దాని చేతికందని నిధిలో నగదుగా ఉండాలి. గని మూసిన ఏడాది కాదు, కింది పొలాల మట్టి పరీక్షలో నెగ్గిన ఏడాది తిరిగి ఇవ్వాలి.