పద్దెనిమిదేళ్లకే ముఖం ఖరారు కాదు

పదహారేళ్ల కుర్రాడు ఫోన్లో తన దవడ చూసుకుని, ఇక తన ముఖం ఇంతేనని తీర్మానించుకుంటున్నాడు. నాలుకను అంగిలికి అదిమిపెట్టే 'మ్యూయింగ్' నుంచి దవడను సుత్తితో కొట్టుకోవడం దాకా ఎన్ని వీడియోలు తిరుగుతున్నాయో తెలిసిందే. పిల్లచేష్టలని కొట్టిపారేస్తే కుదరదు. ముఖం ఎదుగుదల ఇప్పుడే ఆగిపోతోందన్న భయాన్నీ, దాన్ని ఇంట్లో కూర్చుని మలుచుకోవచ్చన్న ఆశనూ అవి కలిపి అమ్ముతున్నాయి. రెండూ తప్పే.

పుర్రె పైభాగం మెదడుతో పాటు చిన్నతనంలోనే దాదాపు పూర్తవుతుంది. ముఖం అలా కాదు. ముందు వెడల్పు, తర్వాత ముందువైపు సాగడం, అన్నిటికన్నా చివర పొడవు. పై దవడ నెమ్మదించాక కూడా కింది దవడ ఎదుగుతూనే ఉంటుంది. పదిహేనేళ్లప్పుడు లోపలికి పోయినట్టున్న చుబుకం ఇరవై నాటికి ముందుకు రావడం, గుండ్రటి ముఖం కోలగా మారడం అందుకే. అమ్మాయిల్లో ఈ ఎదుగుదల సాధారణంగా పదిహేను, పదిహేడేళ్ల మధ్య బాగా తగ్గుతుంది. అబ్బాయిల్లో ఇరవై దాటేదాకా సాగవచ్చు.

ఆ తర్వాతైనా పూర్తిగా ఆగుతుందా? 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ తలను స్థిరంగా పట్టి ఉంచి ఎక్స్‌రే తీసే పద్ధతిని విడివిడిగా రూపొందించారు. దానితో క్లీవ్‌లాండ్‌లో ఏళ్ల తరబడి పిల్లల ముఖాలను నమోదు చేశారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక పరిశోధకుడు రోల్ఫ్ బెరెంట్స్ మళ్లీ పిలిపించి ఎక్స్‌రేలు తీసి, 1985లో ఫలితాలు ప్రచురించారు. పెద్ద వయసులోనూ ముఖం ఎముకలు మారుతూనే ఉన్నాయి. ఆ మార్పు చాలా చిన్నదే, కానీ ఆగిపోలేదు.

కాళ్ల ఎముకల చివర ఉండే ఎదుగుదల పలకలు మూసుకుపోతే ఎత్తు పెరగడం ఆగిపోతుంది. దవడకు అలాంటి పలకలు లేవు. చెవి ముందుండే కీలు దగ్గరి మృదులాస్థి దాని ఎదుగుదలలో పాలుపంచుకుంటుంది. పెద్దయ్యాక గ్రోత్ హార్మోన్ అతిగా ఊరే ఆక్రోమెగలీలో మనిషి ఎత్తు పెరగడు, కింది దవడ మాత్రం ముందుకు పొడుచుకొస్తుంది. ఆ ఎముకలో ఎదిగే శక్తి మిగిలే ఉందనడానికి నాకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం కనిపించదు.

ఆలస్యం చేస్తే దిద్దలేం కదా అనేవారి మాటలో నిజం లేకపోలేదు. అంగిలి మధ్యలోని అతుకు గట్టిపడకముందు పై దవడను వెడల్పు చేయడం తేలిక, తర్వాత కష్టం. అయితే అది పళ్ల వరసనూ దవడనూ సరిచేసే వైద్యుడు, అంటే ఆర్థోడాంటిస్ట్, పరీక్షించి పరికరంతో చేసే చికిత్స. నాలుక అదిమితే పెద్దవాళ్ల దవడ ఆకారం మారుతుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు.

సుత్తి దెబ్బల ప్రచారకులు జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ పేరు వాడుకోవడం మరీ దారుణం. రోజూ మోసే భారానికి తగ్గట్టు ఎముక నిర్మాణం మారుతుందని ఆయన 1892లో చెప్పాడు. కొడితే అందంగా పెరుగుతుందని చెప్పలేదు. దెబ్బలకు ఎముక విరుగుతుంది, నరాలు దెబ్బతింటాయి, పళ్లు ఊడతాయి.

కింది దవడ ముందుకు వచ్చిన కుర్రాడికి తొందరపడి ఆపరేషన్ చేస్తే, దవడ ఇంకా ఎదిగి పళ్ల వరస మళ్లీ తప్పుతుంది. అందుకే జాగ్రత్తపరులైన సర్జన్లు కొన్ని నెలల ఎడంతో తల ఎక్స్‌రేలు తీసి, ఒకదానిపై ఒకటి పెట్టి పోల్చి, తేడా లేదని తేలాకే కత్తి పడతారు. అందం కోసం ముక్కునూ చుబుకాన్నీ దిద్దేవాళ్లు కూడా ఇదే ఓపిక పాటించాలి. పద్దెనిమిది నిండితే అంగీకార పత్రం మీద సంతకం చెల్లుతుంది. ఆ తేదీతో ఎముకకు సంబంధం లేదు.

ఇంత తొందర ఎక్కడి నుంచి వచ్చింది? చేతిలోని కెమెరా నుంచే. ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు అసలుకన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో పరిశోధకులు లెక్కకట్టారు. లెన్సు తెచ్చిన ఆ వంకర చూసి పిల్లలు తమ ఎముకలను తప్పుపట్టుకుంటున్నారు. ఒక్కసారి దవడ గురించి వెతికితే చాలు, సోషల్ మీడియా వేదికలు అలాంటి వీడియోలనే వరసగా తోస్తాయి, వాటి పక్కనే ప్రకటనలు. ఎదుగుతున్న శరీరాన్ని సరుకుగా మార్చే ఈ వ్యాపారానికి పొగాకు ప్రకటనలకు పెట్టినట్టే కట్టడి పెట్టాలి. ఇరవై ఒకటి నిండనివాళ్లకు ముఖ సౌందర్య శస్త్రచికిత్సల ప్రకటనలు చూపడం నిషేధించాలి, చూపిన వేదిక మీద జరిమానా వేయాలి.